ఆగిపోయిన కథలలోని నటుడు

నటుల చరిత్రలు వ్రాయువారికి ఒక అలవాటు కలదు. శతదినోత్సవములు జరుపుకొన్న చిత్రములను, అందుకొన్న బిరుదులను, మెడలో పడిన పూలదండలను వరుసగా పేర్చి, నడుమ నున్న కరవుకాలమును ఒక్క వాక్యముతో దాటించి, 'పిదప కొంతకాలము అవకాశములు సన్నగిల్లెను' అని చేయి దులుపుకొందురు. ఆ కొంతకాలము ఒక్కొక్కప్పుడు ఇరువది యైదేండ్లు. ఆ యేండ్లలోను ఆ మనిషి ప్రొద్దుననే లేచి, ముఖమునకు రంగు పూసికొని, ఎవరో వ్రాసిన మాటలను కంఠస్థము చేసి, దీపముల వేడిమిలో నిలిచి, ప్రొద్దుగ్రుంకిన పిమ్మట కూలి పుచ్చుకొని యింటికి పోయినాడు గదా! ఆ పని యంతయు ఏమైనది? జనులు చూడక మునుపే ఆగిపోయిన కథలో ఒకడు చక్కగా నటించియున్నచో, ఆ నటన యున్నట్లా, లేనట్లా? ఈ ప్రశ్న నన్ను పట్టుకొన్నప్పుడెల్ల నాకు అమెరికా దేశపు నటుడు రాబర్ట్ ఫార్‌స్టర్ తలంపునకు వచ్చును. ఆ పేరు మనవారిలో చాలమంది యెరుగరు. 'బ్రేకింగ్ బ్యాడ్' సీరియల్‌ను రాత్రులు మేల్కొని చూచిన మన యువకులకు మాత్రము, వాక్యూమ్ క్లీనర్ల దుకాణములో కూర్చుండి, పరారీలో నున్నవారికి క్రొత్త పేరును క్రొత్త ఊరును అమ్ము ఆ మితభాషి ముసలివాడు జ్ఞాపకముండవచ్చును.

అతడు 1941వ సంవత్సరము జూలై 13వ తేదీన న్యూయార్కు రాష్ట్రములోని రాచెస్టర్ నగరమున జన్మించెను. తండ్రి రింగ్లింగ్ సోదరుల సర్కసులో ఏనుగులకు ఆట నేర్పినవాడు. కుమారుడు న్యాయవాది కావలెనని తలంచి, ఆ యూరి విశ్వవిద్యాలయముననే చేరి, 1964లో మనస్తత్త్వశాస్త్రమున పట్టము పుచ్చుకొనెను. న్యాయశాస్త్రమునుండి అతనిని మరలించినది కళాభినివేశ మని చెప్పుటకు వీలులేదు, ఒక యువతితో మాట కలుపవలె నన్న కోరికతో ఆమె వెంట కళాశాలలోని సభాభవనమునకు పోగా, అక్కడ నాటకమునకు పాత్రధారులను ఎన్నుకొనుచుండిరి, తానును పేరిచ్చెను. ఆమెయే తరువాత అతనికి భార్య యయ్యెను. సరస్వతి కంటె మన్మథుడు ముందుగా కరుణించిన నటులు మన రంగస్థలమునను లేకపోలేదు. 1965లో బ్రాడ్వే నాటకశాలలో ఆర్లీన్ ఫ్రాన్సిస్ సరసన 'మిసెస్ డాలీ' నాటకమున నటించి పదుగురి కంట పడెను. రెండేండ్లు తిరుగక మునుపే మార్లన్ బ్రాండో, ఎలిజబెత్ టేలర్ నటించిన 'రిఫ్లెక్షన్స్ ఇన్ ఎ గోల్డెన్ ఐ' చిత్రమున, దిగంబరుడై గుఱ్ఱ మెక్కి అడవిలో తిరుగు మూగవంటి సైనికుని పాత్రము అతనికి లభించెను.

ఆ చిత్రమునకు దర్శకుడు జాన్ హ్యూస్టన్. తనకు సినిమా నటన తెలియదని ఫార్‌స్టర్ నిష్కపటముగా చెప్పుకొనగా, హ్యూస్టన్ అతనిని కెమెరా వెనుకకు పిలిచి, కటకముగుండ చూడుమని, దృశ్యపు హద్దులను తెలుపు గీతలను చూపి, వానినడుమ ఏమి యుండవలెనో నిన్ను నీవే ప్రశ్నించుకొనుమని చెప్పెనట. ఈ వృత్తాంతమును ఫార్‌స్టర్ వృద్ధుడైన పిదప గూడ ప్రీతితో చెప్పుచుండెడివాడు. నటనను గూర్చి బృహద్గ్రంథములు వెలసినవి. శిష్యులను ఏడ్పించి, నవ్వించి, బాల్యస్మృతులను త్రవ్వించు గురుపీఠములు న్యూయార్కు నగరమున ఆనాటికే ప్రసిద్ధములు. హ్యూస్టన్ ఆ త్రవ్వకముల జోలికి పోక నాలుగు గీతలు చూపి ఊరకున్నాడు. ఆ నాలుగు గీతలకు ఒక గుణము కలదు: అవి పెద్ద చిత్రమునందును అంతే, చిన్న చిత్రమునందును అంతే. బ్రాండో ప్రక్కన నిలిచినప్పుడు ఎంత వైశాల్యమో, తరువాతి యొక చిన్న చిత్రమున మురుగుకాలువలోని మొసలిని వేటాడునప్పుడును అంతియే వైశాల్యము. ఆ చిత్రము ఆడునో ఆడదో, ఆ సీరియల్ వచ్చేవారము ఉండునో ఉండదో ఆ గీతలకు తెలియదు. ఫార్‌స్టర్ ఏబది యేండ్లపాటు ఆ యజ్ఞానమును తానును అభ్యసించినాడని నాకు తోచును.

1969లో విడుదలయైన 'మీడియమ్ కూల్' చిత్రమునుగూర్చి కొంచెము నిలిచి చెప్పవలసియున్నది. ఛాయాగ్రాహకుడుగా అంతకుముందే ఆస్కార్ పొందిన హాస్కెల్ వెక్స్‌లర్ దీనికి దర్శకుడు. కథానాయకుడు టెలివిజన్ వార్తలకు చిత్రములు తీయు కెమెరామన్. ఆ పాత్ర ఫార్‌స్టర్‌ది. మొదటి దృశ్యముననే రహదారిప్రక్కన ఒక కారు ప్రమాదమునకు గురియై యుండును; అక్కడ ఒక స్త్రీ పడియుండును; కెమెరామన్ తీరికగా నలుదిక్కుల తిరిగి, కావలసిన దృశ్యములన్నియు తీసికొని, అటు తరువాత ఆంబులెన్సును పిలువుడని చెప్పును. చట్రములో ఏమి యుండవలెనో తప్ప అన్యము చింతింపని మనిషి ఎంతటి నిర్దయుడు కాగలడో చూపు పాత్రము, ఆ పాఠమునే గురూపదేశముగా పొందిన నటునికి దొరకుట విధివిలాసమే. 1968 ఆగస్టులో షికాగో నగరమున డెమోక్రటిక్ పార్టీ మహాసభ జరుగుచుండగా, వెలుపల వీథులలో పోలీసులకును యుద్ధవ్యతిరేకులైన యువకులకును ఘర్షణ జరిగెను. వెక్స్‌లర్ తన నటులను ఆ నిజమైన కల్లోలములోనికే నడిపించెను. పసుపుపచ్చని గౌను ధరించిన నటి వెర్నా బ్లూమ్, కథలో తప్పిపోయిన కుమారుని వెదకుచు, కథకు ఏమాత్రము సంబంధింపని లాఠీల నడుమ, అచ్చమైన బాష్పవాయువు నడుమ నడచిపోవుట ఇప్పటికిని ఆ చిత్రములో కానవచ్చును. కల్పన యేది, వార్త యేది అను వివేచనకు తావులేని ఆ చిత్రము బజారులో నిలువలేదు. ఆనాటి సెన్సారు మండలి దానికి వయోజనులకు మాత్రమే యను 'ఎక్స్' ముద్ర వేసెను. నేడు సినిమా పాఠశాలలలో దానిని పాఠ్యముగా చూపుచున్నారు. కాని పాఠ్యగ్రంథ మగుటవలన నటునికి మరుసటి వేషము దొరకదు.

కావున అతడు టెలివిజన్‌కు వచ్చెను. 1972లో ఎన్.బి.సి. వారి 'బాన్యన్' అను సీరియల్‌లో, 1930ల నాటి లాస్ ఏంజిలిస్ నగరమున తిరుగు అపరాధపరిశోధకుడుగా శిరస్సుపై టోపీ ధరించి కనిపించెను. మరుసటి సంవత్సరారంభమునకే ఆ సీరియల్ నిలిచిపోయెను. 1974లో ఏ.బి.సి. వారి 'నాకియా'లో న్యూ మెక్సికో రాష్ట్రపు డిప్యూటీ షెరీఫ్ వేషము వేసెను; సెప్టెంబరులో మొదలై, డిసెంబరు గడచుసరికి అదియు లేదు. ఆ పాత్రము అమెరికా మూలవాసి. నటునిది తల్లివైపున ఇటలీ రక్తము. నల్లని కనుబొమలు, చామనచాయ గలవాడు దొరకినచో ఏ జాతివాని వేషమైనను వానిచేతనే వేయించుట ఆనాటి హాలీవుడ్ మర్యాద. నేడు అది మర్యాదగా తోచదు, తోచకుండుటయే మేలు. 1987లో 'వన్స్ ఎ హీరో' అను మరియొకటి వచ్చెను. బొమ్మల పుస్తకములలోని వీరులు లోకములోనికి దిగివచ్చిన కథ యది. ఫార్‌స్టర్‌ది 'గమ్‌షూ' అను పాతకాలపు డిటెక్టివ్ వేషము. మూడు వారములలో మూడు భాగములు చూపి దానిని కూడ ఆపివేసిరి. వైద్యుడు నాడి పట్టునంతలో రోగి కన్నుమూసినట్లే.

ఇట్లు ఆగిపోవుట నటుని దోషము కాదు, చాల సందర్భములలో కథాదోషమును గాదు. ఆ యంత్రము నడుచు తీరే యట్టిది. మన ధారావాహికలు దినదినమును సాగి, జనులు తిట్టుచు చూచుచుండగనే వేల భాగములు దాటును. అమెరికాలో ఆనాడు వారమునకు ఒక్క భాగము. ముందుగా 'పైలట్' అని ఒక మచ్చుభాగమును తీయింతురు. అట్టివి యేటేట అనేకములు తయారగును. వానిలో ప్రసారమునకు నోచుకొనునవి కొన్నియే. తక్కినవి బీరువాలలో చేరును. పైలట్‌లో నటించువాడు, ఒకవేళ అది సీరియల్ అయినచో ఇన్నియేండ్లు దానికే కట్టుబడి యుందునని ముందే వ్రాతపూర్వకముగా మాట యిచ్చి, కంపెనీవారి నిర్ణయము తేలువరకు ఇతరులకు అందక కూర్చుండవలెను. ప్రసార మారంభమైన తరువాత నీల్సన్ సంస్థవారు వారవారము ప్రేక్షకుల లెక్క తీయుదురు. ఆ లెక్కను చూచి వ్యాపారప్రకటనల ధర నిర్ణయమగును. లెక్క తగ్గినచో నాలుగైదు వారములలోనే కత్తిరింపు. అంతటితోనైన కథ ముగియదు. దాదాపు నూరు భాగములు పూర్తియైన సీరియల్‌నే స్థానిక కేంద్రములవారు కొని పునఃప్రసారము చేయుట వాడుక; పదియో పదునైదో భాగములకు ఆగినదానిని కొనువారుండరు. అనగా అల్పాయుష్షుతో పోయినదానికి పునర్జన్మ గూడ లేదు. అందలి మంచి నటన, చెడ్డ నటన, సంగీతము, వడ్రంగులు చెక్కిన ద్వారబంధములు సర్వమును ఏ గిడ్డంగిలోనో డబ్బాలలో పడియుండును.

మన నాట్యశాస్త్రకారులు నాటకములోని ప్రాసంగిక వృత్తాంతమును పతాక మనియు ప్రకరి యనియు రెండు విధములుగా విభజించిరి. ప్రధానకథ ననుసరించి దూరము సాగునది పతాక. రామకథలో సుగ్రీవుని వృత్తాంతము వంటిది. ఒక్కచోట తలచూపి మరుగగునది ప్రకరి. శబరి వృత్తాంతము వంటిది. ఈ విభాగములో నాకు నచ్చినది, ప్రకరిని వారు హీనమని చెప్పకపోవుట. అది యొక అర్థప్రకృతి, కార్యసిద్ధికి హేతువు. శబరి ఎదురుచూచిన యేండ్లెన్ని, కావ్యమున ఆమెకు దక్కిన చోటెంత! అయినను ఆ చోటులో ఆమె సంపూర్ణముగా నున్నది. ఆలంకారికులు ఊహింపని విషయ మొకటి అమెరికా టెలివిజన్ కనిపెట్టెను: ప్రధానకథయే నడుమ తెగిపోయి, నాయకుడే ప్రకరి యగుట. దానికి లక్షణము వ్రాయవలసినవారు ఇంకను పుట్టలేదు.

ఇక చలనచిత్రముల సంగతి. 1979లో డిస్నీ సంస్థవారి 'ది బ్లాక్ హోల్'లో అంతరిక్షనౌకకు నాయకుడయ్యెను. వ్యయము విరివిగా చేసిరి గాని, కీర్తి రోబోట్లకు దక్కెను. 1980లో 'ఆలిగేటర్' వచ్చెను. ఎవరో మరుగుదొడ్డిలో పారవైచిన మొసలిపిల్ల నగరపు మురుగుకాలువలలో పెరిగి, మహాకాయమై బయటికి వచ్చిన కథ. వినుటకు నవ్వుతాళుగా నుండును. చూచినవారికి మాత్రము జాన్ సేల్స్ వ్రాసిన సంభాషణలలోని చురుకుదనము, లూయీ టీగ్ దర్శకత్వములోని పరిహాసము, అన్నిటికంటె నాయకుని అలసట కనబడును. ఆ పోలీసు ఉద్యోగికి జుట్టు పలుచబడుచుండును. తోడివారు దానిని ఎత్తిపొడుచుచుందురు. ఆ పరిహాసము నటుడు తనంతట తాను తెచ్చిపెట్టినది. ఊడిపోవుచుండిన జుట్టు నిజముగా అతనిదే. చట్రములో ఏమి యుండవలె నని వెదకి, తన బట్టతలయే యుండవలెనని తీర్పు చెప్పుకొన్న నటుడు! అందమే జీవనాధారమైన ఊరిలో ఇట్టి తీర్పు చెప్పుకొనువారు అరుదు.

1983లో 'విజిలాంటీ', 1986లో 'ది డెల్టా ఫోర్స్' వచ్చెను. రెండవదానిలో లెబనాన్ దేశపు విమానచోరుని వేషము; అది యతనికి కొంతకాలమువరకు ప్రతినాయక పాత్రములనే తెచ్చిపెట్టెను. ఆ రోజులలోనే తానే దర్శకత్వము వహించి 'హాలీవుడ్ హ్యారీ' తీసెను. ఇవియన్నియు ఆణిముత్యములని నేను చెప్పజాలను. కొన్నిటిని పూర్తిగా చూచుటకు ఓపిక చాలదు. తన వృత్తిజీవితములో అయిదేండ్లు ఎక్కుట, ఇరువది యైదేండ్లు జారుట యని ఫార్‌స్టర్ తానే పరిహాసముగా చెప్పుకొనెడివాడు. నలుగురు బిడ్డల తండ్రి గనుక వచ్చిన పనిని కాదనలేదు. పని లేని దినములలో సభలకు పోయి జనులకు ఉత్సాహము గల్గించు ఉపన్యాసములు చేసెడివాడు. తానే దిగజారుచున్నవాడు పరులకు ధైర్యము చెప్పుట పరిహాసాస్పదమని కొందరికి తోచవచ్చును. ధైర్యమును గూర్చి మాటాడుటకు అంతకంటె అధికారి యెవడని నా యనుమానము.

ఈలోగా వీడియో క్యాసెట్లు వచ్చినవి. థియేటరులో వారము నిలువని చిత్రములు అంగడి అలమారలలో వరుసగా చేరి, అద్దెకు దొరకజొచ్చెను. లోకము మరచిన చిత్రమును పదే పదే చూచి, సంభాషణలు వల్లించి, తమవారిని పట్టి కూర్చుండబెట్టి చూపు భక్తబృందములు ఏర్పడెను. అట్టివానినే కల్ట్ చిత్రము లందురు. కాలిఫోర్నియాలోని మాన్‌హాటన్ బీచ్‌లో నొక వీడియో దుకాణమున పనిచేసిన కుర్రవాడు క్వెంటిన్ టారంటినో ఆ భక్తులలో ఒకడు. దర్శకుడై పేరుపొందిన పిదప, ఎల్మోర్ లియొనార్డ్ నవల 'రమ్ పంచ్'ను చిత్రముగా మలచుచు, వెస్ట్ హాలీవుడ్‌లో ఫార్‌స్టర్ నిత్యము ఫలహారము చేయు హోటలునకు ఆ ప్రతిని తీసికొనిపోయి అతనిచేతిలో పెట్టెను. నన్ను పెట్టుకొనుటకు నీ కంపెనీవారు అంగీకరింపరని నటుడనెను. నాకు తోచినవానిని నేను పెట్టుకొందునని దర్శకుడు బదులు చెప్పెను. 1997 క్రిస్మసు నాడు 'జాకీ బ్రౌన్' విడుదలయ్యెను.

అందులో మ్యాక్స్ చెర్రీ సొమ్ము పుచ్చుకొని ఖైదీలకు జామీను నిలుచు వ్యాపారి. చెరసాల ద్వారమువద్ద నిలుచుండి, చీకటిలో దూరమునుండి నడచివచ్చుచున్న జాకీని అతడు చూచును. ఆమె పాత్రధారిణి పామ్ గ్రియర్. ఆమెయు 1970ల నాటి చౌక చిత్రములకు రాణి, పిదప మరుగునపడినది. ఆ క్షణమున ఫార్‌స్టర్ ముఖములో కదలిక లేదు, కనుబొమ ఎత్తడు, పెదవి కదల్పడు, చూచుచుండును, అంతియే. ఇరువది యైదేండ్లు జనులు త్రొక్కి త్రొక్కి నునుపెక్కిన గడపవంటి ఆ ముఖముపై, ఏబదియారేండ్ల వయస్సున తనకు ప్రేమ కలిగినదన్న ఆశ్చర్యము మెల్లగా వ్యాపించుట మనకు కానవచ్చును. తరువాత అతడు అంగడికి పోయి, ఆమె యింట విన్న డెల్ఫోనిక్స్ బృందపు పాటల క్యాసెట్ కొని, కారులో ఒంటరిగా వినును. తుదకు ఆమె తనతో రమ్మని పిలిచినప్పుడు ఈ మనిషి వెళ్లడు. టెలిఫోను మ్రోగును; మరికొంతసేపటికి పిలువుమని అవతలివానికి చెప్పి, కార్యాలయము వెనుకభాగమునకు నడచిపోవుచు కెమెరా దృష్టికి అస్పష్టుడగును. సాహసమునకు పుట్టనివాడు తన హద్దు తెలిసికొని నిలుచుట, ఆ హద్దు తెలిసినందులకే దుఃఖించుట – ఈ రెండును ఏకకాలమున చూపగల యువనటుని నేను చూడలేదు. బాన్యన్ టోపీ, నాకియా మౌనము, మొసలివేటలోని బట్టతల పరిహాసము, ఎవరును చూడని పైలట్లలో నిలుచుండి నిలుచుండి నేర్చిన నిలుకడ లేనిచో ఆ ముఖ మెక్కడిది? మురిగిపోయిన దనుకొన్న పని యంతయు అక్కడ వడ్డీతో లెక్కకు వచ్చినది.

ఆ పాత్రమునకు సహాయనటునిగా ఆస్కార్ పరిశీలనకు అతని పేరు వచ్చెను. బహుమానము రాబిన్ విలియమ్స్‌కు పోయెను. పత్రికలవారు దీనిని పునరుజ్జీవన మనిరి. ఈ మాటతో నాకు పేచీ కలదు. మరణింపనివాడు పునరుజ్జీవితు డెట్లగును? పైగా ఆ తరువాతను అతనికి దొరకినవి చాలవరకు చిన్న పాత్రములే. 1998లో 'సైకో' పునర్నిర్మాణమున వైద్యుడు, ఎందులోనో సైన్యాధికారి, మరెందులోనో తండ్రి. నాలుగు దృశ్యములు, రెండు దృశ్యములు, ఒక్కొక్కప్పుడు ఒక్కటే. 2003లో 'కారెన్ సిస్కో' సీరియల్‌లో నాయికకు తండ్రి. ఆ పాత్రయు ఎల్మోర్ లియొనార్డ్ సృష్టియే. పది భాగములు తీసిరి, ఏడు చూపి ఏ.బి.సి. వారు విరమించుకొనిరి. విజయానంతరమున గూడ పాత గ్రహచారమే యని నవ్వుకొనవచ్చును. అతడు మాత్రము ఆస్కార్‌కు ముందెట్లు మాట యిచ్చిన వేళకు వచ్చెడివాడో తరువాతను అట్లే వచ్చెను.

డేవిడ్ లించ్ అను దర్శకునితో అతనికి గల ఋణానుబంధము మరియు విచిత్రము. 1990లో ప్రసారమైన 'ట్విన్ పీక్స్' అను సీరియల్‌లో షెరీఫ్ హ్యారీ ట్రూమన్ పాత్రమునకు లించ్ మొదట కోరినది ఇతనినే. వేరొక పైలట్‌కు మాట యిచ్చియుండుటచేత ఇతడు రాజాలకపోయెను. ఒప్పందముల బోనులో నున్న నటుడు పోగొట్టుకొనిన దానికి ఇంతకంటె నిదర్శనము వలదు. తరువాత లించ్ 'మల్‌హాలండ్ డ్రైవ్' అను పైలట్ తీసి, ఫార్‌స్టర్‌ను పోలీసు డిటెక్టివ్‌గా తీసికొనెను, 1999లో ఏ.బి.సి. వారు దానిని నిరాకరించిరి. ఫ్రెంచి సంస్థ ఒకటి ధనమిచ్చి ఆదుకొనగా లించ్ ఆ ముక్కకు క్రొత్త దృశ్యములు చేర్చి చిత్రముగా మార్చెను, 2001లో కాన్ ఉత్సవమున అది అతనికి ఉత్తమ దర్శకుని బహుమానము తెచ్చెను, 2016లో బి.బి.సి. వారు విమర్శకుల నడుగగా, ఈ శతాబ్దపు ఉత్తమ చిత్రములలో మొదటి స్థానము దానికే దక్కెను. అందు ఫార్‌స్టర్ ప్రమాదస్థలమున ఒక్కమారు కనబడి, రెండు ముక్కలు మాటాడి, ఎదుట నున్న నగరదీపములవైపు చూచి, మరల కనబడడు. సీరియల్ అయి యుండినచో వారవారము వచ్చెడివాడు. రాని ఆ వారములన్నియు ఆ యొక్క చూపులో తలుపు మూసికొని యున్నవి. గర్భమున పోయిన సీరియల్ ఎముకలతో కట్టిన ఆ చిత్రమునకు నేడు లోకమంతట భక్తులున్నారు.

2017లో లించ్ 'ట్విన్ పీక్స్'ను మరల ఆరంభించినప్పుడు పూర్వపు షెరీఫ్ పాత్రధారి మైకేల్ ఆంట్‌కీన్ నటనను విరమించియుండెను. హ్యారీకి ఫ్రాంక్ అని యొక అన్నను కల్పించి, ఆ పాత్రమును ఫార్‌స్టర్‌కు ఇచ్చిరి. ఇరువదియేడేండ్లనాడు చేజారిన కుర్చీలో కూర్చుండి, అతడు అస్వస్థుడైన తమ్మునితో టెలిఫోనులో మాటాడును. అవతలి కంఠము మనకు వినబడదు. ఆ సీరియల్ పదునెనిమిది భాగములును సాగెను. ఇతని ఖాతాలో ఇది దీర్ఘాయువనియే చెప్పవలెను.

2013లో అతడు న్యూ మెక్సికోకే తిరిగివచ్చెను. నాకియా తిరిగిన రాష్ట్రముననే 'బ్రేకింగ్ బ్యాడ్' కథయు నడుచును. దాని చివరి భాగమునకు ముందటి భాగములో ఎడ్ అను దుకాణదారుడై కనిపించెను. ఆ కథకు అనుబంధముగా తీసిన 'ఎల్ కమీనో' చిత్రములో, పరారీకి వచ్చిన యువకుడు సంచులు క్రుమ్మరించగా, ఎడ్ నోట్లు తీరికగా లెక్కించి, 1,800 డాలర్లు తక్కువ యని చెప్పి, పని చేయనని కూర్చుండును. ప్రాణభయముతో నున్నవాడు ఎంత బతిమాలినను గొంతు హెచ్చింపడు, కోపింపడు, లెక్క లెక్కయే. ఆ చిత్రము 2019 అక్టోబరు 11న విడుదలయ్యెను. అదే దినమున రాబర్ట్ ఫార్‌స్టర్ లాస్ ఏంజిలిస్‌లో మెదడులోని క్యాన్సర్‌చేత మరణించెను, వయస్సు డెబ్బదియెనిమిది.

చావుకు ముందు తీసిన మరియొక పాత్రము మరుసటి యేడు బయటికి వచ్చెను. స్పీల్‌బర్గ్ పూర్వము నడిపిన 'అమేజింగ్ స్టోరీస్'ను ఆపిల్ సంస్థవారు క్రొత్తగా ఆరంభించి, అందొక కథలో అతనిని, హఠాత్తుగా అద్భుతశక్తులు సంక్రమించిన తాతగా చూపి, ఆ భాగమును అతనికే అంకితము చేసిరి. ఆ ధారావాహిక అయిదు కథలతో ఆగిపోయెను.